కంపెనీ పెరిగాక కొత్త ఫీచర్ ఎక్కడ ఆగిపోతోంది?

ప్రశ్న: రొయ్యల ఎగుమతి ప్లాంట్లకు స్టాక్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తాం. 8 మందిమి ఉన్నప్పుడు కొత్త ఫీచర్ వారంలో ప్లాంటుకు చేరేది. ఇప్పుడు 60 మందిమి ఉన్నా రెండు నెలలు పడుతోంది. కుర్రాళ్లు కొత్త ఆలోచన చెప్పడమే మానేశారు. ఏం చేయాలండీ?
– ఒక పాఠకుడు, మధురవాడ, విశాఖపట్నం

జవాబు: మీవాళ్ల దగ్గర ఆలోచనలు ఉండే ఉంటాయండీ. అవి ప్లాంటు దాకా వెళ్లే దారే మూసుకుపోయింది. 8 మంది ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలంటే 28 జతలు, 60 మందికి 1,770. మీటింగులూ సంతకాలూ అక్కడే పుడతాయి.

ముందు ఈమధ్య ఇచ్చిన 10 మార్పులు తీసుకుని ఒక్కోదానికి నాలుగు తేదీలు రాయండి: అడిగిన రోజు, కోడ్ మొదలుపెట్టిన రోజు, ముగించిన రోజు, ప్లాంటులో వాడిన రోజు. ఎవరి ఓకే కోసమో ఆగిన రోజులే ఎక్కువైతే ఇంకా మనుషుల్ని చేర్చుకున్నా లాభం లేదు.

తర్వాత 6–8 మంది చొప్పున టీములు చేయండి. రెండు పిజ్జాలతో కడుపు నిండేంత టీమే ఉండాలని అమెజాన్ పెట్టుకున్న లెక్క కూడా ఇంచుమించు ఇదే. అయితే మనుషుల్ని విడదీసి డేటాబేస్‌ను ఉమ్మడిగా వదిలేస్తే దెబ్బతింటారు. స్టాక్ టీమ్ ‘కౌంట్’ (నిర్ణీత బరువుకు ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్క) కాలమ్‌లో 35 తీసి ‘31–40’ అని పెట్టిందనుకోండి. అదే కాలమ్ చదివి ధర కట్టే బిల్లింగ్ ఆ రాత్రే ఆగిపోతుంది. మర్నాటి నుంచి ప్రతి మార్పుకూ రెండు టీములూ సంతకం పెట్టాలంటారు, కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకని ఒక్కో టేబుల్‌ను ఒకే టీముకు అప్పగించండి, మిగతావాళ్లు ఏపీఐ (ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని డేటా అడిగే నిర్ణీత దారి) ద్వారానే అడగాలి. అందులోనూ పాత ఫీల్డ్ తీసేయకుండా కొత్తది పక్కన చేర్చి, అందరూ దానికి మారాకే పాతది తీయాలి.

రిలీజ్ చేసే అధికారం కూడా టీముకే ఇవ్వండి. కొత్త ఫీచర్‌కు ఒక స్విచ్ పెట్టి, ముందు ఒక్క ప్లాంటుకే తెరిచి రెండు వారాలు చూడండి. తేడా వస్తే ఆపేయొచ్చు. జాగ్రత్త, స్విచ్ ఆపితే ఫీచర్ ఆగుతుంది గాని అప్పటికే మారిన డేటా వెనక్కి రాదు. ఆ ప్లాంటు డేటాకు ముందే బ్యాకప్ తీసుకోవాలి.

ప్రశ్న: సొంత ప్రయోగాలకు సమయమిస్తే పనిగంటలు పోవా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: పోతాయి, ముందే లెక్కలో వేసుకోవాలి. పోస్ట్-ఇట్ చీటీలు చేసే త్రీఎం కంపెనీ 1948 నుంచి ఇలా 15 శాతం సమయం ఇస్తోంది. పూర్తి పని అప్పజెప్పి ‘పైన ఇదీ చేసుకోండి’ అంటే ఎవరూ చేయరు. పని పంచేటప్పుడే వారానికి 40 గంటల బదులు 36 వేసుకోండి. మిగిలిన 4 గంటలూ శుక్రవారం సాయంత్రానికి నెట్టకండి, వారాంతపు రిలీజ్ హడావుడి వాటిని మింగేస్తుంది. బుధవారం పొద్దున్నే పెట్టండి.