ఆ ఫారంలో సున్నా వేసే ముందు

బంగారు తల్లీ,

మీ శ్రీకాకుళం ఆసుపత్రిలో రోగుల భద్రత మీద సిబ్బందికి ఫారాలు పంచారని, ‘ఏడాదిలో ఎన్ని పొరపాట్లు రాసి ఇచ్చారు’ అన్న చోట అందరూ సున్నా వేస్తున్నారని, నన్నేం వేయమంటావని అడిగావు. ఇలాంటి ప్రశ్నలపట్టికను అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి 2004లో తయారుచేసింది. ఈ ప్రశ్న అందులోనూ ఉంది. నువ్వు రాసి ఇవ్వకపోతే సున్నాయే వెయ్యి, అబద్ధం వద్దు. కాకపోతే ఆ సున్నా ఎందుకు వచ్చిందో కింద ఖాళీ జాగాలో రాయి.

నా సున్నా కథ ఇంతవరకు మీ అమ్మకు కూడా చెప్పలేదు. మన వైపు సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు ఉండదు కదా. నేను కొత్తగా చేరిన ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డులో పక్క పక్క మంచాల మీద ఇద్దరు అప్పలనర్సమ్మలు ఉండేవారు. రాత్రి భోజనానికి ముందు ఇన్సులిన్ పట్టుకెళ్లి “అప్పలనర్సమ్మేనా?” అన్నాను. “ఆఁ” అంది మంచం మీది ముసలావిడ. సూది గుచ్చబోతుంటే కూతురు, “మా అమ్మకు షుగర్ లేదు సిస్టర్” అంది. చేయి వెనక్కి తీసుకున్నాను. ఏమీ జరగలేదు కదా అని ఎవరికీ చెప్పలేదు. ఇంచార్జి సిస్టర్ నోరు అలాంటిది మరి.

వారం తిరగకుండా అదే మంచం దగ్గర నా తోటి నర్సు ఆ పనే చేసింది. అప్పుడు కూతురు పక్కన లేదు. ముసలావిడకు ముచ్చెమటలు పట్టి మాట తడబడింది. గ్లూకోజు ఎక్కించాక తేరుకుంది. నర్సుకు మెమో ఇచ్చారు, పాపం ఆరు నెలలు తల ఎత్తలేదు. మంచాలు మాత్రం అలాగే ఉన్నాయి. నేను ముందే చెప్పి ఉంటే కనీసం మంచాలైనా మారేవేమో. ఆ మెమోలో సగం నాది.

అందుకే, పేరు నువ్వు చెప్పి అవునా అని అడగకు. “నీ పేరేమిటమ్మా, ఏ ఊరు?” అని వాళ్ల చేతే చెప్పించి కేస్ షీట్ మీది నంబరుతో సరిచూడు. మంచం నంబరును నమ్మకు, మంచాలు మారుతుంటాయి. నర్సుకు ఎదురు చెప్పకూడదని మనవాళ్లు దేనికైనా తల ఊపుతారు, జాగ్రత్త.

ఇన్సులిన్ దగ్గర ఇంకో తిరకాసు ఉంది. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలూ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. 40 సిరంజికి ఎర్ర మూత, 100 దానికి నారింజ మూత. 100 సీసా మందును ఎర్ర మూత సిరంజితో గీతలు లెక్కపెట్టి తీస్తే రెండున్నర రెట్లు ఎక్కుతుంది. కేస్ షీట్‌లో ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయి. ఇంగ్లీషులో ‘యు’ అని ఒక్క అక్షరం గీకితే అది సున్నాలా కనబడి పది కాస్తా వంద అవుతుంది. డాక్టరుగారు ఫోనులో మోతాదు చెబితే రాసుకుని తిరిగి చదివి వినిపించు. విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఉద్దానం నుంచి వచ్చే కిడ్నీ రోగులకు నొప్పి ఇంజెక్షన్ రాసి ఉంటే ఒక్క నిమిషం ఆగి డాక్టరును అడుగు. అలా అడగడం పొగరని ఎవరైనా అంటే ఆ మాట కూడా ఫారంలోకి ఎక్కాల్సిందే. ఆయాల మాట కొట్టిపారేయకు. ఎవరు అన్నం ముట్టలేదో ముందుగా తెలిసేది వాళ్లకే.

ఫారం మీద పేరు రాయనక్కర్లేదన్నావు కాబట్టి భయపడకు. పక్కదాని కాగితం చూసి మాత్రం నింపకు. నైట్ డ్యూటీ దిగిన నిద్రమత్తులోనూ వద్దు. సిరిమానోత్సవానికి విజయనగరం వస్తావు కదా, నీ తోటి పిల్లలు ఏమేం రాశారో అప్పుడు చెబుదువుగాని.

నీ పెద్దమ్మ