మన జిల్లా రక్తానికి మన హద్దులు

ప్రశ్న: రాయగడలో చిన్న ల్యాబ్ నడుపుతున్నాం. సీబీసీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో మగవాళ్ల హిమోగ్లోబిన్‌కు నార్మల్ హద్దులు 13–17 (గ్రా./డె.లీ.) అని మిషన్‌తో వచ్చిన అంకెలే అచ్చేస్తున్నాం. ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా తరచు ‘తక్కువ’ అని గుర్తు పడుతోంది. రెండేళ్ల పాత రిపోర్టులు తీసి, సగటు కట్టి, సొంత హద్దులు పెట్టుకోవచ్చా?
– ల్యాబ్ టెక్నీషియన్, రాయగడ

జవాబు: వద్దండీ. ల్యాబ్ గుమ్మం ఎక్కేది జ్వరమో నీరసమో ఉన్నవాళ్లు. వాళ్ల లెక్క ఆరోగ్యవంతులకు కొలబద్ద కాదు.

ముందు కంట్రోళ్లు (విలువ ముందే తెలిసిన నమూనాలు) సరిగ్గా వస్తున్నాయో చూసుకుని, 20 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ల రక్తం పరీక్షించండి. ఇద్దరికి మించి హద్దు దాటకపోతే ఉన్న అంకెలే ఉంచండి. ముగ్గురు, ఆపైన దాటితే మరో 20 మందిని చూడండి. అప్పుడూ అంతే అయితే సొంత హద్దులకు దిగండి. ఆడవాళ్లకూ ఇలాగే, విడిగా.

ల్యాబ్ ప్రమాణాలు రూపొందించే సీఎల్‌ఎస్‌ఐ సంస్థ పద్ధతిలో మగవాళ్లు 120 మంది, ఆడవాళ్లు 120 మంది కావాలి. 120 అంకెలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో రాయండి. కింది నుంచి మూడోది దిగువ హద్దు, పై నుంచి మూడోది ఎగువ హద్దు. సగటుతో పనే లేదు.

కష్టమంతా మనుషుల్ని ఏరడంలోనే ఉంది. మన వైపు సికిల్ సెల్, తలసీమియా ట్రెయిట్ (జబ్బు ముదరకుండా ఒక్క జన్యువు మాత్రమే మోయడం) ఉన్నవాళ్లు నిక్షేపంగా పొలం పనులు చేసుకుంటుంటారు. చూసి పోల్చుకోలేం, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయించాల్సిందే. ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ 15 (నానోగ్రా./మి.లీ.) కన్నా తక్కువ ఉన్నవాళ్లను తీసేయండి. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ పెరిగి ఐరన్ లోటును కప్పేస్తుంది, కాబట్టి పక్కనే సీఆర్‌పీ (ఒంట్లో వాపును పట్టిచ్చే పరీక్ష) కూడా చూడాలి. మలేరియా కిట్ పరీక్ష, నులిపురుగులకు మలపరీక్ష తప్పవు. పురుగులుంటే ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) పెరుగుతాయి. గర్భిణులను, ఈమధ్య రక్తదానం చేసినవాళ్లను కలపొద్దు. కోరాపుట్ 800 మీటర్లకు పైన ఉంది, ఎత్తులో హిమోగ్లోబిన్ పెరుగుతుంది కాబట్టి అక్కడివాళ్లనూ విడిగా చూడండి.

ఈ వడపోత లేకపోతే రక్తహీనతకే ‘నార్మల్’ ముద్ర వేసినవాళ్లమవుతాం. 10 ఉన్న తల్లిని ‘మీకేం లేదమ్మా’ అని పంపేస్తాం. నా భయమంతా అదే. మీ హద్దులు ఏవైనా, రక్తహీనతకు డబ్ల్యూహెచ్‌వో గీసిన గీతలు (మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12, గర్భిణులకు 11, మధ్య మూడు నెలల్లో 10.5) వేరు. వాటిని చెరపొద్దు.

రక్తం తీసేముందు మనిషిని పది నిమిషాలు కూర్చోబెట్టండి. చేతికి కట్టు నిమిషం దాటనివ్వొద్దు. ఊదా మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ట్యూబును గీత దాకా నింపి, వెంటనే 8–10 సార్లు మెల్లగా తలకిందులు చేయండి. కుదపొద్దు. నాలుగు గంటల్లోపు మిషన్‌లో పెట్టండి. గుణుపురం నుంచి ఎండవేళ బస్సులో ఆలస్యంగా వచ్చిన ట్యూబులో కణాలు ఉబ్బి, ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) లేనిపోని ఎక్కువ చూపిస్తుంది.

ప్రశ్న: జ్వరం, రక్తస్రావం ఏమీ లేవు. ప్లేట్‌లెట్లు 62 వేలని వచ్చింది. భయపడాలా?
– పర్లాకిమిడి పాఠకురాలు

జవాబు: ముందు స్లైడు మీద చూడమని అడగండి. కొందరి రక్తంలో ఈడీటీఏ వల్ల ప్లేట్‌లెట్లు గుంపుకట్టుకుంటాయి, మిషన్ ఆ గుంపుల్ని లెక్కలోకి తీసుకోదు. గుంపులు కనిపిస్తే సిట్రేట్ (గడ్డకట్టకుండా ఆపే మరో ద్రవం) ట్యూబులో మళ్లీ తీసి, ఆ ద్రవంతో రక్తం పలచబడుతుంది కాబట్టి వచ్చిన అంకెను 1.1తో గుణించాలి. గుంపులు లేకపోతే మాత్రం ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి.