గళ్ళు కాదురా, గీతలు లెక్కపెట్టు

ఒరేయ్ నాన్నా,

నువ్వు పంపిన పైథాన్ కోడ్ చూశాను, లిస్ట్‌లోంచి ముక్క కొయ్యడం, అదే స్లైస్ చెయ్యడం దగ్గర ఇరుక్కున్నావు. మూడో ఎలిమెంట్ నుంచి ఐదోదాకా కావాలని మార్కులు[3:5] అని కొట్టావు, నాలుగోదీ ఐదోదీ వచ్చి మూడోది రాలేదని పైథాన్‌ని తిట్టుకుంటున్నావు. దాని తప్పేం లేదులే, నేనూ మొదట్లో ఇలాగే తిట్టుకున్నా.

ఒక పేపర్ తీసుకుని వరసగా ఐదు గళ్ళు గియ్యి, ఒక్కో గడి ఒక్కో ఎలిమెంట్. ఇప్పుడు గళ్ళకి కాదు, గీతలకి నంబర్లు వెయ్యి, ఎడమ చివర గీత 0, కుడి చివర గీత 5. [2:5] అంటే రెండో గీత దగ్గర ఒక కోత, ఐదో గీత దగ్గర ఒక కోత, మధ్యలో మిగిలింది నీది, అంటే నీకు కావాల్సిన మూడు గళ్ళే. ఎన్ని వస్తాయో వేళ్ళు మడవక్కర్లేదు, 5 లోంచి 2 తీసెయ్ అంతే, పైగా [0:2], [2:5] పక్కపక్కన పెడితే ఏదీ రెండుసార్లు రాదు ఏదీ జారిపోదు. డైక్‌స్ట్రా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1982లో చేత్తో రాసిన ఒక నోట్‌లో సున్నా నుంచి లెక్కపెట్టాలనీ, చివరి అంకెని కలపకూడదనీ వాదించింది ఇలాంటి సుఖం కోసమే.

మైనస్ దగ్గర మాత్రం జాగ్రత్త, మైనస్ పెడితే చివర్నుంచి లెక్క. చివరి మూడు కావాలంటే [-3:], బాగానే ఉంటుంది. నేనోసారి 3 బదులు ఎన్ అని వేరియబుల్ పెట్టా, లిస్ట్ చివర్లో కొత్తగా చేరిన ఎన్ మందికి మెయిల్ పోవాలి, నెలల తరబడి హాయిగా నడిచింది, ఒకరోజు కొత్తవాళ్ళెవరూ లేరు, ఎన్ సున్నా అయింది, మైనస్ సున్నా అన్నా సున్నానే కదా, [0:] అయిపోయి లిస్ట్ మొత్తానికీ మెయిల్ పోయింది!! ఆ రోజు పడ్డ అక్షింతలు ఇంకా గుర్తే. అప్పట్నుంచీ ముక్క ఎక్కడ మొదలవ్వాలో లెన్ (లిస్ట్ పొడవు) లోంచి ఎన్ తీసేసి పెడతా, ఎన్ మరీ పెద్దదైతే అదీ మైనస్‌లోకి పోతుంది కాబట్టి మాక్స్ (రెండిట్లో పెద్దది ఇచ్చే ఫంక్షన్) పెట్టి సున్నా దగ్గర ఆపుతా.

ఇంకోటి, నాలుగే ఉన్న లిస్ట్‌లో [2:100] అడిగితే ఎర్రర్ రాదు, ఉన్న రెండూ ఇచ్చి ఊరుకుంటుంది. నాకిది అస్సలు నచ్చదు, డేటా తక్కువొచ్చిన సంగతి ఎవరికీ తెలీదు, అందుకే ముఖ్యమైన చోట లెంగ్త్ చెక్ చేసుకో.

భాష మారితే రూల్ మారుతుందిరా. జావాస్క్రిప్ట్‌లో స్లైస్‌కీ స్ప్లైస్‌కీ ఒక్క అక్షరమే తేడా, కానీ స్ప్లైస్ అసలు అర్రేనే (లిస్ట్ లాంటిదే) కోసి పారేస్తుంది, దాని రెండో నంబర్ ఎక్కడిదాకా అని కాదు, ఎన్ని అని. రూబీలో రెండు చుక్కలైతే చివరిది కలుస్తుంది, మూడు చుక్కలైతే కలవదు. పాండాస్ అనే పైథాన్ టేబుళ్ళ లైబ్రరీలో స్థానం నంబర్‌తో వెతికే ఐలాక్ చివరిది వదిలేస్తుంది, పేరుతో వెతికే లాక్ కలుపుకుంటుంది, ఒకే లైబ్రరీలో!

నువ్వు నంపై, అదే నంబర్ల అర్రేల పైథాన్ లైబ్రరీ, మొదలుపెట్టావన్నావు కదా, పైథాన్ లిస్ట్‌ని స్లైస్ చేస్తే కొత్త లిస్ట్ వస్తుంది, నంపైలో అలా కాదు, అదే మెమరీలోకి తెరిచిన కిటికీ అది, ముక్కలో 0 పెడితే అసలు అర్రేలోనూ 0 పడుతుంది. పంపిన కోడ్‌లో రెండో ఫంక్షన్ చూడు, కోసిన ముక్కకి కాపీ పెట్టలేదు. ముందు అది పెట్టి మళ్ళీ రన్ చెయ్యి, ఏం వచ్చిందో రాత్రికి చెప్పు.

మీ బాబాయ్