‘విదర్’ అంటే వాడిపోవడమా?

సందేహం: ‘విదర్ అగ్రికల్చర్?’ అన్న ఇంగ్లీషు శీర్షికను ‘వాడిపోతున్న వ్యవసాయం’ అని తెనిగించారు. సరైనదేనా? ‘ఎక్కడ’ అనవచ్చా?

సమాధానం: రెండూ కుదరవు. వాడిపోవడమనే ‘విదర్’ క్రియ. అందులో డబ్ల్యూ పక్కనే ఐ. శీర్షికలోనిది ‘ఎక్కడికి, ఎటు’ అని అడిగే క్రియావిశేషణం, డబ్ల్యూ తర్వాత హెచ్ ఉంటుంది. చాలామంది నోట రెండూ ఒకేలా పలుకుతాయి. చివరనున్న ప్రశ్నార్థకం చూసైనా అనువాదకులు నిఘంటువు తీయాల్సింది.

శీర్షికలోని ఈ ‘విదర్’ పాత ఇంగ్లీషులో ‘హ్విడెర్’. ఉన్న చోటుకు ‘వేర్’, వెళ్లే చోటుకు ‘విదర్’, బయలుదేరిన చోటుకు ‘వెన్స్’ అని ఆ భాష మూడు మాటలు పెట్టుకుంది. ఇప్పుడు వాడుకలో ‘వేర్’ ఒక్కటే మూడు బరువులూ మోస్తోంది. మనం విభక్తితో ఆ తేడా నిలుపుకున్నాం: ఎక్కడ, ఎక్కడికి, ఎక్కడినుంచి.

1611 నాటి ఇంగ్లీషు బైబిలులో రూతు తన అత్త నయోమితో అన్న మాట (రూతు 1:16) చూడండి. వెళ్లడం దగ్గర ‘విదర్’, బస చేయడం దగ్గర ‘వేర్’ ఉన్నాయి. తెలుగు బైబిలులో: ‘నీవు వెళ్లు చోటికే నేను వచ్చెదను, నీవు నివసించు చోటనే నేను నివసించెదను’. ‘చోటికే’, ‘చోటనే’. ఎంత పొదుపు! ఇంకో సొగసు: ఇంగ్లీషు రూతు ‘వెళ్తాను’ అంటే తెలుగు రూతు ‘వచ్చెదను’ అంది. తోడు వెళ్లేవాళ్లం ‘నీతో వస్తాను’ అనే అంటాం కదా.

అలాంటి భాష చేతిలో ఉండి ‘మీరు ఎక్కడ వెళ్తున్నారు?’ అని ‘కి’ని మింగేయడం బాధగా ఉంటుంది. ‘ఏడ ఉన్నవ్?’, ‘ఏడికి పోతున్నవ్?’ అన్న తెలంగాణ పలుకుల్లో ఆ తేడా ఎంత స్పష్టం! (బయలుదేరినవారిని ‘ఎక్కడికి’ అనకూడదని ‘ఎందాకా?’ అనడం వేరే మర్యాద.)

‘వ్యవసాయం ఎక్కడ?’ అంటే అది కనిపించకుండా పోయిందన్న అర్థం వస్తుంది. ‘ఎక్కడికి’ గమ్యాన్ని అడుగుతుంది, ‘ఎటు’ దిక్కును. ‘విదర్’లో రెండూ ఉన్నాయి. శీర్షికకు ‘వ్యవసాయం ఎటు?’ నయమనిపిస్తుంది. ‘ఎటు పోతోంది?’ అంటే దారి తప్పిందన్న నింద కూడా ధ్వనిస్తుంది. వ్యాసంలో ఆ నింద ఉంటే అదే మేలు.

‘విదర్’ ముందు మళ్లీ ‘టు’ అక్కర్లేదు. ‘కి’ అందులోనే ఉంది. దీని తోబుట్టువులు ‘హిదర్’ (ఇటు), ‘దిదర్’ (అటు). ఆ జంటను వరస మార్చకుండా ‘ఇటూ అటూ’ అని దించేస్తున్నారు. మన నానుడి ‘అటూ ఇటూ’, అలాగే రాయండి.