రాత్రంతా ఫోను, తెల్లారితే వార్డు డ్యూటీ

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నేను శ్రీకాకుళంలో బి.ఎస్సీ. నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతూ హాస్టల్లో ఉంటున్నాను. మాది పలాస దగ్గరి పల్లెటూరు. అమ్మ జీడిపిక్కల పనికి వెళ్తుంది, నాన్న చెన్నైలో భవన నిర్మాణ పనుల్లో ఉన్నారు. రాత్రి పది గంటలకు వారితో మాట్లాడాక రీల్స్ మొదలుపెడితే ఒంటిగంట, రెండు అయిపోతోంది. మొన్న వార్డులో సెలైన్ చుక్కలు లెక్కపెడుతుండగా జేబులో ఫోను అదిరింది. చూసేలోపు లెక్క తప్పింది. కళాశాలలో ఇంటర్నెట్ వ్యసనంపై 20 ప్రశ్నల పత్రం ఇస్తే నాకు 58 వచ్చింది. ఇది వ్యసనమేనా? ఫోను ఇంటికి పంపేయమంటారా?
– ఒక విద్యార్థిని

సమాధానం: అమ్మా, ముందుగా ఆ 58 సంగతి చెబుతాను. మీరు రాసినదాన్ని బట్టి అది అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కింబర్లీ యంగ్ 1998లో రూపొందించిన పరీక్ష అనుకుంటున్నాను. అందులో ఒక్కో ప్రశ్నకు గరిష్ఠంగా 5 చొప్పున మొత్తం 100 మార్కులు. 50 నుంచి 79 మధ్య వస్తే ఇంటర్నెట్ వల్ల అప్పుడప్పుడో, తరచుగానో ఇబ్బందులు ఎదురవుతున్నాయని అర్థం. అది హెచ్చరికే తప్ప రోగనిర్ధారణ కాదు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ రుగ్మతకు చోటు దక్కింది కానీ, ఇంటర్నెట్ వ్యసనం పేరుతో విడిగా జబ్బేదీ లేదు. కాబట్టి వ్యసనపరురాలినన్న ముద్ర మీకు మీరే వేసుకోవద్దు.

నన్ను కలవరపెట్టింది ఆ మార్కుల కన్నా మీరు చెప్పిన సెలైన్ సంగతి. 500 మిల్లీలీటర్ల సెలైన్‌ను 8 గంటల్లో ఎక్కించాలంటే, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టుతో నిమిషానికి సుమారు 21 చుక్కలు పడాలని మీరు చదువుకున్నారు. నిద్ర చాలని మనిషి లెక్క తప్పితే మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టే ఓపిక లేక అంచనాతో సరిపెట్టుకునే ప్రమాదం ఉంది. మీ ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చే మూత్రపిండాల రోగులు ఎందరో మీకు తెలుసు. అటువంటివారికి ద్రవం ఎక్కువగా, వేగంగా ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం ముంచుకొస్తుంది. అందుకే డ్యూటీలో ఫోను జేబులో ఉండకూడదు, సంచిలోనే ఉండాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను సడలింపు ఇవ్వలేను.

ఇంటికి పంపేయడం మాత్రం వద్దు. అమ్మానాన్నల గొంతు వినడానికి మీకున్న దారి అదొక్కటే. పోస్టింగుల సమాచారమూ, పాఠాలూ అందులోనే వస్తాయి. మాట్లాడడం ముగిసిన తర్వాతి ఒంటరితనాన్ని కప్పిపుచ్చుకోవడానికే మీరు రీల్స్‌లోకి వెళ్తున్నారని నాకు అనిపిస్తోంది. టీవీ సీరియల్ అయితే అరగంటకు ఆగుతుంది, రీల్స్‌కు ఆగే చోటంటూ లేదు; నిద్రమత్తులో ఉన్న మనసు తనంతట తాను ఆపుతుందని ఆశించడం న్యాయం కాదు. అందువల్ల వీలైతే ఇంటికి ఫోను చేసే వేళను ఎనిమిదిన్నరకు మార్చుకొని, ఆ తర్వాత కాసేపు గదిలోని స్నేహితురాళ్ళతో గడపండి. పడుకునేముందు ఫోనును మంచానికి దూరంగా ఛార్జింగులో పెట్టి, ఉదయం లేవడానికి చిన్న అలారం గడియారం కొనుక్కోండి. నైట్ డ్యూటీ వారంలో పగలు పడుకునేటప్పుడు కూడా ఇదే పద్ధతి పాటించాలి.

రెండు వారాలు ఇలా చేసినా నిద్ర కుదురుకోకపోయినా, తిండి, చదువు మీద ధ్యాస తగ్గినా, కారణం లేకుండా ఏడుపు వస్తున్నా 14416కు ఫోను చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ. రోజంతా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. మీరు ఫోను చేసిన సంగతి కళాశాలలో ఎవరికీ చెప్పవలసిన అవసరం లేదు.