పిన్‌బాల్ పెట్టెకి ఈఎంఐ వద్దు, ముందు సాఫ్ట్‌వేర్ పెట్టి ఆడి చూడండి

శ్రీకాకుళం నుంచి ఒక పాఠకుడు రాశారు. వయసు 34, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి 58,000 వస్తుంది. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, ఆవిడ జీతం 17,000. నాలుగేళ్ళ పాప, అద్దె ఇల్లు, అద్దెతో కలిపి నెల ఖర్చు 46,000. సిప్‌కి 10,000, పాప పేర సుకన్య సమృద్ధికి 3,000 కడుతున్నారు. 6.8 శాతం వడ్డీకి రెండు ఎఫ్‌డీలు ఉన్నాయి, లక్షది ఒకటి, రెండున్నర లక్షలది ఒకటి. భార్య నగల మీద 9.5 శాతానికి 90,000 గోల్డ్ లోన్ ఉంది, అది ఇప్పటికే రెండుసార్లు రెన్యువల్ చేయించారట. ఇప్పుడు ఇంట్లో వర్చువల్ పిన్‌బాల్ కేబినెట్ కట్టించుకోవాలని ఉంది. పిన్‌బాల్ అంటే వాలు బల్ల మీద జారే బంతిని కింద పడనీకుండా, పక్క బటన్లు నొక్కి ఫ్లిప్పర్లనే చిన్న రెక్కలతో పైకి కొట్టే ఆట. ఆయన అనుకునేది బల్లలాంటి పెట్టెలో టీవీని పడుకోబెట్టి, పక్కల బటన్లు పెట్టి, అసలు మెషిన్ మీద ఆడినట్టే ఆడుకోవడం. అంచనా 2.2 లక్షలు. 18 నెలల నో కాస్ట్ ఈఎంఐ తీసుకోనా, పెద్ద ఎఫ్‌డీ తీసేయనా, సాఫ్ట్‌వేర్ ఉచితంది సరిపోతుందా, డబ్బు పెట్టి కొనాలా అని అడిగారు. చివర్లో "మా ఆవిడకి ఇంకా చెప్పలేదు" అని కూడా రాశారు.

ముందు ఆవిడకి చెప్పండి. ఆ నగలు ఆవిడవి. అవి బ్యాంకు లాకర్లో ఉండగా హాల్లోకి రెండు లక్షల ఆట సామాను రావడం ఏ ఇంట్లోనూ చిన్న విషయం కాదు.

కోరికలో తప్పేమీ లేదు, నాకూ ఈ పిచ్చి ఉంది. విజయనగరంలో మా ఇంట్లో 32 అంగుళాల మానిటర్‌తో చిన్న కేబినెట్ ఉంది కాబట్టి లెక్కతో పాటు సామాను సంగతి కూడా చెప్పగలను.

ముందు అప్పు. మీ డబ్బుకి బ్యాంకు 6.8 ఇస్తోంది, అదే బ్యాంకుకి మీరు 9.5 కడుతున్నారు. లక్ష ఎఫ్‌డీ తీసేసి గోల్డ్ లోన్ మొత్తం కట్టేసి నగలు ఇంటికి తెచ్చుకోండి. గడువుకు ముందే తీస్తే వడ్డీలో కొంత కోత పడుతుంది, పడినా మీకే లాభం. పెద్ద ఎఫ్‌డీని మాత్రం ముట్టుకోవద్దు. మీ అత్తగారివాళ్ళ జీడితోట ఉద్దానంలో ఉందని, అవసరానికి మీరే ఆదుకుంటున్నారని రాశారు కదా, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు అక్కడ కొబ్బరి, జీడి చెట్లు వేళ్ళతో సహా పడిపోయి, మళ్ళీ నాటిన మొక్క కాపుకి రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో మీకు నాకంటే బాగా తెలుసు. పైగా మీది కరెంటూ ఇంటర్నెట్టూ ఉంటేనే నడిచే ఉద్యోగం. ఆరు నెలల ఖర్చు, అంటే 2.76 లక్షలు, పక్కన ఉండాల్సిందే. పెద్ద ఎఫ్‌డీ, చిన్నదాంట్లో మిగిలే పదివేలు, మొదటి నెల మిగులు కలిపితే దాదాపు సరిపోతుంది.

నో కాస్ట్ ఈఎంఐ అన్న పేరు చూసి ఖర్చు ఉండదనుకోకండి. బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు అమ్మేవాళ్ళు ధర తగ్గించినట్టు చూపిస్తారు, కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ బిల్లులోకే వస్తాయి. ఒక నెల బిల్లు తప్పితే కార్డు వడ్డీ నెలకు మూడు శాతం పైనే. పైగా ఈఎంఐ వచ్చేది టీవీకీ కంప్యూటర్‌కే, వడ్రంగికి చేతిలో నగదు పెట్టాలి. పెట్టె సగంలో ఆగిపోయినా నెలకు 12,000 పైన కడుతూనే ఉంటారు.

ఇప్పుడు అసలు సంగతి. మీ జాబితాలో మొదట కంప్యూటర్ 95,000, తరవాత టీవీ 52,000, పైన నిలబెట్టే బ్యాక్‌గ్లాస్ స్క్రీన్ (స్కోరు, బొమ్మ కనిపించేది) 12,000, వడ్రంగం 28,000, బటన్లు, ప్లంజర్ (బంతిని వదిలే స్ప్రింగు కడ్డీ), వాటిని కంప్యూటర్‌కి కలిపే బోర్డు కలిపి 18,000, చివర్న కొనే టేబుల్స్‌కి, అంటే ఒక్కో మెషిన్ ఆటకి, మొత్తం 15,000 ఉన్నాయి. దీన్ని తిరగేయండి. ఏ సాఫ్ట్‌వేర్ ఆడతారో తేలితేనే ఎంత కంప్యూటర్ కావాలో తెలుస్తుంది. అది తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు.

కేబినెట్ కట్టుకునేవాళ్ళలో ఎక్కువమంది వాడేది విజువల్ పిన్‌బాల్. ర్యాండీ డేవిస్ 2000లో మొదలుపెట్టింది, ఇప్పుడు ఓపెన్ సోర్స్, పూర్తిగా ఉచితం, వాడుకలో ఉన్నది పదో వెర్షన్. టేబుల్స్ అభిమానులే తయారుచేసి ఉచితంగా పంచుతారు. పాత మెషిన్ల లోపలి చిప్‌ని విపిన్‌మేమ్ అనే ఇంకో ఉచిత ప్రోగ్రాం నడిపిస్తుంది కాబట్టి స్కోరు, శబ్దాలు అసలు మెషిన్‌లో ఉన్నట్టే వస్తాయి. దీనికి అయ్యే ఖర్చంతా మీ సమయమే. టేబుల్ ఒకచోట, రోమ్ (ఆ చిప్‌లోని ప్రోగ్రాం ఫైలు) ఒకచోట, బ్యాక్‌గ్లాస్ ఫైలు ఇంకోచోట దింపుకొని ఒక్కోటీ సరిచేసుకోవాలి, నాకు మొదటి ఐదు టేబుల్స్‌కి మూడు ఆదివారాలు పట్టింది. ఫ్యూచర్ పిన్‌బాల్ కూడా ఉచితమే, కానీ పాతది, బామ్ అనే తోడు ప్రోగ్రాం లేకుండా కేబినెట్‌లో బాగోదు.

జెన్ స్టూడియోస్ వాళ్ళ పిన్‌బాల్ ఎఫ్ఎక్స్ అలా కాదు, ఇన్‌స్టాల్ చేసి ఆడుకోవడమే, కేబినెట్‌లో ఆడుకునే ఏర్పాటు ఉంది, టేబుల్స్ మాత్రం కొనుక్కోవాలి. మీ పాప ఆడుకోవడానికి ఒకటి రెండు కొనండి, బాగుంటుంది. 15,000వి ఒకేసారి వద్దు. ఇలాంటి ఆటల్లో మనం కొనేది వాడుకునే హక్కు వరకే, లైసెన్సు పోతే అమ్మకం ఆగిపోతుంది. పిన్‌బాల్ ఆర్కేడ్ అనే ఆటకి 2018 జూన్ 30తో విలియమ్స్, బ్యాలీ అనే కంపెనీల మెషిన్ల లైసెన్సు పోయింది, ముందే కొన్నవాళ్ళకి ఉన్నాయి గానీ తరవాత కొందామన్నవాళ్ళకి దొరకలేదు. ఆ విలియమ్స్ టేబుల్సే అదే ఏడాది జెన్ వాళ్ళ దగ్గర అమ్మకానికి వచ్చాయి.

మీ దగ్గర ఉన్న జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు కంప్యూటర్ 1080 రిజల్యూషన్‌లో విజువల్ పిన్‌బాల్‌కి సరిపోతుంది. రెండు నెలలు కీబోర్డు మీదే ఆడండి. తరవాత వెయ్యి రూపాయల లోపు యూఎస్‌బీ బోర్డుకి రెండు బటన్లు తగిలించి అట్టపెట్టెకి బిగించి ఆడండి. అప్పటికీ రోజూ చెయ్యి అటే పోతుంటే టీవీ కొనండి. 4కె స్పష్టత కంటే 120 హెర్ట్జ్, అంటే తెర మీద బొమ్మ సెకనుకు 120 సార్లు మారడం, ముఖ్యం. 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేమ్‌కి పదహారు మిల్లీసెకన్ల పైన పడుతుంది, 120లో ఎనిమిది, బటన్ నొక్కాక ఫ్లిప్పర్ లేవడంలో ఆ తేడా వేలికి తెలుస్తుంది. ప్లంజర్‌కి, పెట్టెని చేత్తో కుదిపితే బంతి కదలడానికి పిన్‌స్కేప్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, చిన్న బోర్డు మీద నడుస్తుంది.

కంప్యూటర్, టేబుల్స్ తీసేస్తే మిగిలేది 1.1 లక్షలు. ఇప్పుడు నెలకు 15,000 పైన మిగులుతోంది, రెండో నెల నుంచి అందులో 8,000 ఆర్‌డీ వేస్తే 14 నెలల్లో 1.12 లక్షలు, అప్పు లేకుండా. మిగతా ఏడువేలల్లో మొదట టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకోండి, మీ ఉత్తరంలో ఆ మాటే లేదు, ఆ పాపకి అది కావాలి. సిప్, సుకన్య ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి.

వడ్రంగి దగ్గరికి చివర్న వెళ్ళండి. టీవీ ఇంటికొచ్చి మీ టేపుతో కొలవకుండా ఒక్క చెక్క కూడా కోయించొద్దు. మామూలు పిన్‌బాల్ పెట్టె బయటి వెడల్పు 22 అంగుళాలు, 43 అంగుళాల టీవీ అంచులతో కలిపి అందులో పట్టదు, కాబట్టి కొంచెం వెడల్పుగా కట్టాలి. ఎమ్‌డీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసే పలక) వద్దు. నేను చవకని దాంతోనే చేయించాను, రెండో వానాకాలానికి అడుగు అంచు తడిసిన అప్పడంలా ఉబ్బింది, గోరుతో గీస్తే పొడి రాలుతోంది, స్క్రూలు పట్టు వదిలేసి తొమ్మిదివేలు పోయాయి. మీది సముద్రం పక్క జిల్లా, తేమకి తట్టుకునే బీడబ్ల్యూఆర్ ప్లైవుడ్ అడగండి. అద్దె ఇల్లు కాబట్టి పై పెట్టె, కాళ్ళు బోల్టులతో ఊడేలా ఉండాలని ముందే చెప్పండి, మెట్ల మలుపు వెడల్పు కూడా కొలిచి కాగితం మీద రాసి ఇవ్వండి.