కుండీలో టమాటా ఆకులు ముడుచుకుంటే వైరస్ వచ్చినట్టేనా?

అన్నిసార్లూ కాదు: కింది ముదురు ఆకులు పచ్చగానే ఉండి పైకి దోనెలా చుట్టుకుంటే అది ఎండ, నీటి ఎద్దడి వల్లే; చిగురాకులు చిన్నవై, అంచులు పసుపెక్కి, మొక్క గిడసబారితే ఆకుముడత వైరస్.

వేళ్లు అందించే నీటికన్నా ఆకుల నుంచి ఆవిరయ్యేది ఎక్కువైతే, ఎండ తగిలే మేర తగ్గించుకోవడానికి మొక్క ఆకును చుట్టేస్తుంది. కుండీలో మట్టి కొంచెమే, వేడి చుట్టూ తగులుతుంది కాబట్టి అక్కడ ఈ బాధ మరీ ఎక్కువ.

మే నెలలో ఒంగోలులో డాబా మీద నల్ల గ్రోబ్యాగ్ ఉందనుకోండి. పొద్దున నీళ్లు పోసినా, ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నానికి కింది ఆకులు చుట్టుకుపోయి, తాకితే దళసరిగా ఉంటాయి. గ్రీన్ నెట్ కట్టి, మట్టి మీద ఎండుగడ్డి పరిచి, సాయంత్రం కూడా తడి చూసి నీళ్లివ్వండి. పాత ఆకులు విప్పుకోకపోయినా కొత్త చిగురు బాగుంటే భయం లేదు. (తీరం వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట ఆకు అంచులు మాడతాయి. అదీ తెగులు కాదు.)

చాలామంది ముడత కనపడగానే పురుగుమందు కొడతారు. తినే కాయలకు దయచేసి ఆ పని చేయకండి. ఎండ ముడతకు మందుతో పనిలేదు, వైరస్ సోకిన మొక్కను ఏ మందూ బాగుచేయదు. వైరస్‌ను మోసేది తెల్లదోమ. మొక్కను కదిపితే ఆకుల అడుగు నుంచి తెల్లగా లేస్తుంది. సోకిన మొక్కను పీకి కవర్లో కట్టి పారేయండి. మిగతావాటి దగ్గర పసుపు జిగురు అట్టలు పెట్టి, ఆకుల అడుగున వేపనూనె పిచికారీ చేయండి.